యంత్రములో గురులఘువులు

'అక్షర'మను మాటకు నాశము లేనిదని అర్థము. కాని లోకములో అక్షరమునకు ఆపదలు తక్కువ కావు. తాటియాకుపై గంటముతో వ్రాసినది చెదపురుగుల పాలగును. కాగితముపై అచ్చువేసినది తడికిని నిప్పునకును లోబడును. అయినను ఆ అక్షరములకు ఒక అదృష్టమున్నది. తాళపత్రములో కొంత చెరిగినను, మిగిలిన గీతలను చూచి, సందర్భమును బట్టి పరిష్కర్త పాఠమును నిర్ణయింపగలడు. తలకట్టు మాసినంత మాత్రమున కకారము కకారము కాకపోదు.

నేడు తెలుగువ్రాత కాగితముపైననే కాక కంప్యూటరులోను, చేతిలోని ఫోనులోను పుట్టుచున్నది. అక్కడి కకారమునకు తలకట్టు లేదు. అది తెరమీద కనబడుటకై చివర తొడిగిన వేషము. లోపల నున్నవి కొన్ని సున్నలును కొన్ని ఒకట్లును మాత్రమే. వానిలో ఒక్కటి తారుమారైనచో కకారము మరియొక అక్షరమగును. లేదా అక్షరమే కాకుండ పోవును.

ఆ సున్నలలో, ఒకట్లలో కావలసినదానిని మాత్రమే పట్టుకొని, దానిని మార్చి, ప్రక్కవానిని ముట్టకుండ విడుచు విద్య యొకటి కంప్యూటరు శాస్త్రములో కలదు. ప్రోగ్రాములు వ్రాయువారు దానిని 'బిట్‌వైజ్' ప్రక్రియలందురు. పాఠశాలలో ఈ పాఠము నాలుగు పట్టికలతో ముగియుటయు కలదు. పట్టికలు కంఠస్థమగును, అవి ఎందులకో తెలియదు. తెలుగు చదివిన విద్యార్థికి ఈ విద్య పరాయిది కానక్కరలేదు. గణవిభజన చేసి గురులఘువులు గుర్తించిన ప్రతివాడును దీని గుమ్మముదాక వచ్చినవాడే.

రెండే స్థితులు

ఛందశ్శాస్త్రము పద్యములోని ప్రతి అక్షరమును గురువనియో లఘువనియో నిర్ణయించును. మూడవ జాతి లేదు. యంత్రమును అట్టిదే. దాని జ్ఞాపకములోని ప్రతి చిన్న గదియు రెండు స్థితులలో ఏదో యొక స్థితియందుండును. ఒకదానిని సున్న యనియు, రెండవదానిని ఒకటి యనియు వ్యవహరింతురు. ఇట్టి గది యొకటి పట్టుకొను సమాచారమునకు 'బిట్టు' అని పేరు. 1948లో క్లాడ్ షానన్ ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసములో ఈ మాట కనబడుచున్నది. దానిని సూచించినవాడు జాన్ ట్యూకీ అని షానన్ అందే చెప్పినాడు. ఎనిమిది బిట్టుల కూటమిని 'బైటు' అందురు.

బిట్టుకు విలువ దాని స్థానమువలన కలుగును. మన దశాంశ పద్ధతిలో కుడినుండి ఎడమకు ఒకట్లు, పదులు, వందలు వచ్చినట్లే, ఇందు 1, 2, 4, 8, 16, 32, 64, 128 అని స్థానములు రెట్టింపగుచు పోవును. 00010101 అను బైటులో 16, 4, 1 స్థానములు మాత్రమే నిండినవి. కావున దాని విలువ 21. ఒక్క బైటులో 0 మొదలు 255 వరకు 256 సంఖ్యలు ఇముడును.

ఈ రెండు స్థితులతో తర్కము నడపవచ్చునని చూపినవాడు ఆంగ్ల గణితవేత్త జార్జి బూల్. 1854లో ఆయన ఆలోచనా నియమములపై గ్రంథము వ్రాసి, నిజము, అబద్ధము అను రెంటిని బీజగణితమువలె లెక్కింపవచ్చునని నిరూపించెను. అప్పటికి విద్యుద్యంత్రముల ఊసు లేదు. 1937లో షానన్ తన పట్టపరీక్ష సిద్ధాంతవ్యాసములో, విద్యుత్ స్విచ్చులను తగినట్లు కూర్చినచో బూల్ బీజగణితము లోహములోను తీగలలోను నడచునని చూపెను. నాటినుండి తర్కమునకు యంత్రములో నివాసము దొరకినది.

ఎనిమిది గణముల వరుస

ఇంతకు చాల పూర్వమే మనదేశములో ఛందశ్శాస్త్రజ్ఞులు రెండు గుర్తుల వరుసలను లెక్కించినారు. పింగళుని ఛందస్సూత్రములలో ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము మొదలగు ప్రత్యయములు కలవు. ఇన్ని అక్షరముల పాదములో గురులఘువులు ఎన్ని విధముల వచ్చునో అన్నింటిని క్రమముగా వ్రాసి చూపుట ప్రస్తారము. మూడక్షరములకు ప్రస్తారము వేసినచో ఎనిమిది వరుసలు వచ్చును. అవియే మనకు తెలిసిన మ, య, ర, స, త, జ, భ, న గణములు.

ఈ క్రమములో ఒక చక్కని రహస్యమున్నది. గురువునకు సున్నయు, లఘువునకు ఒకటియు వేసి, మొదటి అక్షరమునకు 1, రెండవదానికి 2, మూడవదానికి 4 అని విలువలు కట్టిచూడవలెను. మూడును గురువులైన మగణము విలువ సున్న. ఆదిలఘువైన యగణము విలువ 1. మధ్యలఘువైన రగణము 2. తొలి రెండును లఘువులైన సగణము 3. తగణము 4, జగణము 5, భగణము 6, సర్వలఘువైన నగణము 7. సున్న మొదలు ఏడు వరకు ఒక్క సంఖ్యయు తప్పలేదు, ఒక్కటియు రెండుమారులు రాలేదు. మనవారు వరుసలను ఒకటినుండి లెక్కించినారు గనుక మగణము మొదటిది, నగణము ఎనిమిదవది అయినవి.

వరుససంఖ్య తెలిసి రూపము తెలియనపుడు దానిని కనుగొనుట నష్టము. సంఖ్య సరియైనచో లఘువు వ్రాసి సగము చేయవలెను. బేసియైనచో గురువు వ్రాసి, ఒకటి కలిపి, సగము చేయవలెను. ఆరవ గణమేది? ఆరు సరిసంఖ్య: లఘువు. సగము మూడు, బేసి: గురువు. ఒకటి కలుపగా నాలుగు, సగము రెండు, సరి: లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణము. నేటి ప్రోగ్రాములో ఇదే పనికి సంఖ్యనుండి ముందుగా ఒకటి తీసివేసి, దాని కడపటి బిట్టును చూచి, తక్కిన సంఖ్యను ఒక స్థానము కుడికి జరుపుదురు. పేరులు వేరు, చేయు పని యొక్కటే.

రూపము తెలిసి సంఖ్యను కనుగొనుట ఉద్దిష్టము. కేదారభట్టు వృత్తరత్నాకరములో దీనికి సులభమైన మార్గము చెప్పినాడు. అక్షరములపై 1, 2, 4, 8 అని రెట్టింపు అంకెలు వేసి, లఘువులమీది అంకెలను కూడి, ఒకటి చేర్చవలెను. ఇది బిట్టుల విలువను కూడుటయే.

ఇందువలన పింగళుడు కంప్యూటరును కనిపెట్టినాడని చెప్పుట సత్యమునకును, పింగళునికిని గౌరవము కాదు. అతడు పద్యముల లెక్కకై పద్ధతి ఏర్పరచెను. ఐరోపాలో లైబ్నిజ్ 1703లో రెండంకెల గణితమును గూర్చి వ్రాసినది వేరొక ప్రయోజనమునకై. విద్యుద్యంత్రములు ఇరువదవ శతాబ్దిలో పుట్టినవి. ఒకే గణితము వేరువేరు తావులలో వేరువేరు అవసరములకు దొరకినదనుటయే న్యాయము. మన విద్యార్థికి మాత్రము ఒక లాభమున్నది: అతడు ఇంటిదారిలోనే ఈ విద్యను చేరవచ్చును.

నాలుగు పనిముట్లు

యంత్రములో బిట్టులతో పనిచేయుటకు ముఖ్యమైన పనిముట్లు నాలుగు: ఆండ్, ఆర్, ఎక్సార్, నాట్. వీనికి తోడు వరుసను ఎడమకో కుడికో జరుపు షిఫ్టు. 1970వ దశకపు తొలినాళ్లలో బెల్ పరిశోధనాలయమున డెనిస్ రిచీ రూపొందించిన సీ భాషలో వీనికి ప్రత్యేక చిహ్నములున్నవి. తరువాతి భాషలు పెక్కు ఆ చిహ్నములనే స్వీకరించినవి.

రెండు వరుసలను ఒకదానిక్రింద నొకటి వ్రాసి, స్థానమునకు స్థానము సరిచూచినచో ఈ పనిముట్ల స్వభావము తెలియును. ఆండ్ అనగా క్రిందును మీదను రెండుచోట్ల ఒకటి యున్నపుడే ఒకటి, లేనిచో సున్న. ఆర్ అనగా ఏ యొకచోట ఒకటి యున్నను ఒకటి. ఎక్సార్ అనగా రెండును వేరైనచో ఒకటి, సమానమైనచో సున్న. నాట్ ఒకే వరుసను తీసికొని సున్నలను ఒకట్లుగను, ఒకట్లను సున్నలుగను చేయును.

వీని ప్రయోజనము ఇట్లు గుర్తుంచుకొనవచ్చును. ఆండ్ జల్లెడవంటిది: కావలసిన స్థానములలో ఒకట్లు పెట్టిన వరుసతో కలిపినచో ఆ స్థానములు మాత్రమే మిగులును, తక్కినవి సున్నలగును. ఆర్ దీపము వెలిగించుటవంటిది: వెలిగించిన దీపమును మరల వెలిగించినను నష్టము లేదు. ఎక్సార్ తిరగవేయుటవంటిది: ఒకమారు చేసినచో మారును, మరల చేసినచో మొదటి రూపము వచ్చును. ఆర్పవలసిన బిట్టు ఉన్నచో ఆ స్థానమునకు నాట్ చేసిన వరుసతో ఆండ్ చేయవలెను.

కూడికతోనే ఈ పని జరుగదా అని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. యూనిక్స్ అను యంత్రవ్యవస్థలో ఒక పత్రముపై మనిషికున్న అధికారములను మూడు బిట్టులలో వ్రాయుదురు: చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. చదివి వ్రాయగలవానికి 6. అతనికి వ్రాయు అధికారము ఉన్నదో లేదో చూడక, ఇచ్చెదమని 2 కూడినచో 8 వచ్చును. రెండవ స్థానములోని ఒకటియు, కూడిన ఒకటియు కలిసి ఎడమ గదిలోనికి పొంగినవి. అక్కడనుండి మరియొక గదిలోనికి పొంగినవి. చదువు అధికారమును పోయినది, వ్రాయు అధికారమును పోయినది. అదే 6ను 2తో ఆర్ చేసినచో 6గానే యుండును. ఇక వ్రాయు అధికారము తీసివేయవలెనన్నచో 2ను నాట్ చేసి ఆండ్ చేయగా 4 మిగులును. చదువు అధికారమునకు చేటు రాదు.

కూడికలో ప్రక్కగదికి పొంగు ఉన్నది. బిట్‌వైజ్ ప్రక్రియలలో ఏ స్థానపు వ్యవహారము ఆ స్థానములోనే ముగియును. ఈ విద్యకు ప్రాణమిదియే. పట్టికలు కంఠస్థము చేయించు గురువు ఈ యొక్కమాట చెప్పినచో పట్టికలకు అర్థము వచ్చును.

ఉత్పలమాలనుండి చంపకమాలకు

ఈ పనిముట్లను తెలుగు పద్యముపై పరీక్షింపవచ్చును. ఉత్పలమాలకు గణములు భ, ర, న, భ, భ, ర, వ. పాదమున ఇరువది యక్షరములు. ఇరువది యక్షరముల ఛందములో మొత్తము వృత్తములు 10,48,576. అందు ఉత్పలమాల ఎన్నవది? లఘువులున్న స్థానములు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19. వానిపై వచ్చు అంకెలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. వీని మొత్తము 3,55,798. ఒకటి చేర్చగా 3,55,799. ఉత్పలమాల ఆ ఛందములో 3,55,799వ వృత్తము.

ఉత్పలమాల మొదటి గురువునకు మారుగా రెండు లఘువులు పెట్టినచో చంపకమాల యగునని పద్యము వ్రాయ నేర్చుకొను ప్రతివానికిని తెలియును. యంత్రభాషలో ఈ మాటనే చెప్పిచూడవచ్చును. ఉత్పలమాల బిట్టుల విలువ 3,55,798. దానిని ఒక స్థానము పైకి జరుపవలెను. అనగా రెట్టింపగును: 7,11,596. ఇపుడు ఆదియందు ఒక సున్న కొత్తగా వచ్చినది. దాని ప్రక్కన ఉత్పలమాల మొదటి గురువు సున్నగానే యున్నది. ఆ రెండు స్థానములను లఘువులు చేయుటకు 1, 2 కలిసిన 3తో ఆర్ చేయవలెను: 7,11,599. వరుససంఖ్యకై ఒకటి చేర్చగా 7,11,600. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణములు వేసి, ఇరువదియొక్క అక్షరములకు ఉద్దిష్టము కట్టిచూచినను ఆ సంఖ్యయే వచ్చును.

ఒక జాగ్రత్త చెప్పవలసియున్నది. ప్రస్తారములో మొదటి అక్షరము ఎడమప్రక్కనుండును, దాని విలువ ఒకటి. యంత్రములో ఒకటి విలువగల బిట్టును కుడిచివర వ్రాయుదురు. కావున ఉత్పలమాలను నల్లబల్లపై బిట్టులుగా వ్రాయునపుడు వరుస తిరుగబడును. మరియు ఈ సంఖ్యకు యతి తెలియదు, ప్రాస తెలియదు, భావము అసలే తెలియదు. అది గురులఘువుల అస్థిపంజరము మాత్రమే. అస్థిపంజరము తప్పినచో మాత్రము పద్యము నిలువదు.

కకారము ప్రయాణము

ఇక పద్యములోని అక్షరము యంత్రములో ఎట్లు నిలుచునో చూడవలెను. లోకములోని లిపుల అక్షరములన్నింటికి సంఖ్యలు కేటాయించు యూనికోడు ప్రమాణము మొదటి సంపుటము 1991లో వెలువడినది. అందే తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు దక్కినవి. కకారము సంఖ్య 3093. కాని ఒక బైటులో 255కు మించి పట్టదు. మరి 3093 బైటులలో ఎట్లు ప్రయాణము చేయును?

దీనికి నేడు విరివిగా వాడుకలోనున్న పద్ధతి యూటీఎఫ్-8. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు అమెరికాలో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, బల్లపై పరచిన కాగితముమీద దీని రూపురేఖలు వ్రాసికొనిరి. పద్ధతి యిది. 3093ను బిట్టులలో వ్రాసినచో 0000110000010101. దీనిని నాలుగు, ఆరు, ఆరు బిట్టులుగా మూడు ముక్కలు చేయుదురు: 0000, 110000, 010101. మొదటి ముక్కకు ముందు 1110 అను గుర్తును, తక్కిన రెంటికి ముందు 10 అను గుర్తును తగిలింతురు. వచ్చిన బైటులు 11100000, 10110000, 10010101. అనగా 224, 176, 149. కకారము ఈ మూడు బైటులై తీగలపై పయనించును.

ముక్కలు చేయుట షిఫ్టు పని. ఆరు బిట్టులను మాత్రము మిగుల్చుట 63తో ఆండ్ చేయుట. గుర్తు తగిలించుట 128తోనో 224తోనో ఆర్ చేయుట. అవతలి యంత్రము అదే త్రోవలో వెనుకకు నడచి, గుర్తులను ఆండ్‌తో తొలగించి, ముక్కలను షిఫ్టుతో ఎడమకు జరిపి, ఆర్‌తో కలిపి 3093ను మరల పొందును. తెలుగులో పంపిన ప్రతి సందేశములోను ప్రతి యక్షరమునకు ఈ తంతు జరుగుచునే యుండును.

ఆ గుర్తులలో దూరదృష్టి యున్నది. బైటుల ప్రవాహము నడుమ ఎక్కడ దిగినను, దొరకిన బైటును 192తో ఆండ్ చేసి చూడవచ్చును. 128 వచ్చినచో ఇది అక్షరము నడుమ భాగమని తెలియును. తెలుగు అక్షరమైనచో ఒకటి రెండడుగులు వెనుకకు వేసిన మొదలు దొరకును. పద్యము నడుమ పుస్తకము తెరచినవాడు పాదారంభమును వెదకికొన్నట్లే యిది.

ఈ పరీక్ష చేయని ప్రోగ్రాము తెలుగు పేరునకు చేయు అపకారము చిన్నది కాదు. 'లక్ష్మి' అను పేరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంఖ్యలున్నవి. ఒక్కొక్కటి మూడు బైటులు; మొత్తము 21. పేరునకు 20 బైటులు చాలునని ఇంగ్లీషు కొలతతో గది కట్టినవాడు ఈ పేరును అందులో కుక్కినచో చివరి గుడి మూడింట రెండు పాళ్లు మిగిలి, అక్షరము కాని ముక్క యగును. తెరమీద 'లక్ష్మ' వెనుక ఒక ప్రశ్నార్థకపు గుర్తు నిలుచును. ఇంగ్లీషులో ఏడక్షరముల పేరు ఏడు బైటులలో ఇముడును గనుక గది కట్టినవానికి ఈ దోషము కనబడనే కనబడదు. విద్య తెలిసినవాడు గదిని పెద్దది చేయును. అది తన చేతిలో లేనిచో అక్షరముల హద్దు చూచి కత్తిరించును.

ఎనిమిదవ బిట్టు

దీనికంటె పాతది మరియొక ఆపద. 1963లో అమెరికాలో ఏర్పడిన ఆస్కీ ప్రమాణము ఏడు బిట్టులతోనే ఇంగ్లీషు లిపిని సరిపెట్టెను. 1982లో వ్రాసిన విద్యుల్లేఖల నియమములును ఏడు బిట్టుల అక్షరములనే ఉద్దేశించినవి. అట్టి మార్గమున వెళ్లు బైటులలో ఎనిమిదవ బిట్టును కొన్ని యంత్రములు 127తో ఆండ్ చేసి తుడిచివేయుచుండెడివి. ఇంగ్లీషు అక్షరములలో ఆ బిట్టు ఎట్లును సున్నయే గనుక వానికి నష్టము లేదు. కకారము బైటులు మాత్రము ఆ జల్లెడలో పడినచో 224 కాస్త 96 అగును, 176 కాస్త 48 అగును, 149 కాస్త 21 అగును. 96 ఆస్కీలో ఒక విలోమపు ఉద్ధరణ చిహ్నము. 48 సున్న అంకె. 21 కంటికి కనబడని ఆజ్ఞాచిహ్నము. కకారము పోయి సున్న మిగిలినది!

దీనికి మందుగా 1992లో వచ్చిన మైమ్ నియమములలో బేస్-64 అను పద్ధతి కలదు. మూడు బైటుల ఇరువదినాలుగు బిట్టులను ఆరేసి బిట్టుల నాలుగు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఏడు బిట్టుల మార్గములోను చెడని గుర్తు నిచ్చిరి. ఇరుకు సందులో పోలేని బండిని విడదీసి, ఆవలి ప్రక్క మరల కూర్చినట్లు. ఇందును పనిముట్లు షిఫ్టు, ఆండ్, ఆర్‌లే.

ఒక్క బిట్టు దూరము

తెలుగు, కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలని లిపిశాస్త్రము చెప్పుచున్నది. యంత్రములో ఆ చుట్టరికము విచిత్రముగా నిలిచినది. భారతీయ లిపులకై 1991లో మన ప్రమాణసంస్థ ప్రకటించిన ఇస్కీ పద్ధతిలో అన్ని లిపులకును వర్ణక్రమము ఒక్కటే. ఆ సంప్రదాయపు వరుసనే యూనికోడు అనుసరించి, ఒక్కొక్క లిపికి 128 స్థానములిచ్చి, తెలుగు ప్రక్కనే కన్నడమును కూర్చుండబెట్టెను. అందుచేత తెలుగు కకారము 3093 కాగా కన్నడ కకారము 3221. రెంటికి భేదము 128, అనగా కుడినుండి ఎనిమిదవ బిట్టు ఒక్కటే. తెలుగు రకారమునకు కన్నడ రకారమునకు భేదమును అదే బిట్టు. 'రామ' అను మాటలోని ప్రతి సంఖ్యను 128తో ఎక్సార్ చేసినచో కన్నడ లిపిలో 'రామ' యగును. మరల చేసినచో తెలుగు లిపి తిరిగి వచ్చును.

ఇందు మారునది లిపి మాత్రమే, భాష మారదు. లిపిలోను పూర్తిగా సరిపోవునని భ్రమపడరాదు. తెలుగునకే ప్రత్యేకములైన దంత్యములు ౘ, ౙ లకు ఎదురుగా కన్నడ వరుసలోని స్థానములు ఖాళీగా నున్నవి. కన్ను మూసికొని బిట్టు తిప్పినవాడు ఆ ఖాళీ గదులలో పడును.

తిప్పనిదే తిరిగిన బిట్టు

మనిషి తిప్పకయే బిట్టు తిరుగుటయు కలదు. 2003 మే 18న బెల్జియము దేశపు ఎన్నికలలో బ్రస్సెల్సు ప్రాంతమునందలి స్కార్‌బేక్ అనుచోట యంత్రముపై లెక్కింపగా, ఒక అభ్యర్థికి రావలసినవానికంటె 4096 ఓట్లు ఎక్కువ వచ్చినవి. సాధ్యమైనదానికి మించి వచ్చినందున అనుమానించి, మరల లెక్కించి సరిదిద్దిరి. ప్రోగ్రాములో దోషము దొరకలేదు. 4096 అనునది పదమూడవ బిట్టు విలువ. జ్ఞాపకములో ఆ యొక్క బిట్టు తనంత తాను సున్ననుండి ఒకటికి మారియుండవచ్చుననియు, అంతరిక్షమునుండి వచ్చు కిరణము దానికి హేతువు కావచ్చుననియు ఊహించిరి, నిశ్చయముగా తేలలేదు.

ఇట్టివానిని పట్టుటకును ఎక్సారే సాధనము. ఒక వరుసలోని బిట్టులన్నింటిని ఒకదానితో నొకటి ఎక్సార్ చేయుచు పోయినచో, ఒకట్లు సరిసంఖ్యలో నున్నపుడు సున్నయు, బేసిసంఖ్యలో నున్నపుడు ఒకటియు వచ్చును. ఆ ఫలితమును ప్రక్కన వ్రాసియుంచినచో, తరువాత ఒక్క బిట్టు మారినను లెక్క తప్పును. రెండు మారినచో ఈ ఉపాయమునకు దొరకవు. 1950లో రిచర్డ్ హామింగ్ ఇట్టి సాక్షిబిట్టులను తగిన స్థానములలో పెక్కింటిని ఉంచి, ఏ బిట్టు చెడినదో గుర్తించి దిద్దు మార్గము చూపెను. తాళపత్ర పరిష్కర్త సందర్భమును బట్టి పాఠమును దిద్దినట్లు, యంత్రము ఈ సాక్షులను బట్టి తన పాఠమును దిద్దుకొనును. ఆదిలో చెప్పిన అదృష్టము యంత్రాక్షరమునకు స్వభావముగా లేదు. మనిషి లెక్క కట్టి దానికి కల్పింపవలసివచ్చినది.

తరగతిగదిలో

తెలుగు చెప్పు ఉపాధ్యాయుడును కంప్యూటరు చెప్పు ఉపాధ్యాయుడును ఒకే బడిలో నున్నను, వారి పాఠములు కలిసికొనుట అరుదు. ఒకరు గణములు చెప్పుదురు, మరియొకరు బిట్టులు చెప్పుదురు. ఎనిమిది గణములను 0 మొదలు 7 వరకు అంకెలతో ఒక్క గంట నల్లబల్లపై వ్రాసి చూపినచో రెండు పాఠములకును మేలు కలుగును. ఛందస్సు వట్టి కంఠపాఠమనుకొను పిల్లవానికి అందులో లెక్క కనబడును. బిట్టు ఏదో పరదేశపు మాయయనుకొను పిల్లవానికి అది తనకు తెలిసిన లఘువేనని తోచును. రేపు తెలుగు పేరులకు గదులు కట్టువారు, తెలుగు లేఖలకు దారులు వేయువారు ఈ పిల్లలలోనుండియే రావలెను. గుడిని మూడింట రెండు పాళ్లుగా కోయరాదని వారికి తెలిసియుండుట తెలుగునకు అవసరము.

అభ్యాసమునకై ఒక లెక్క. శార్దూలమునకు గణములు మ, స, జ, స, త, త, గ, పంతొమ్మిది అక్షరములు. దాని మొదటి గురువునకు మారుగా రెండు లఘువులు పెట్టినచో మత్తేభమగును. శార్దూలము తన ఛందములో 1,49,337వ వృత్తము. విద్యార్థులు ముందుగా ఒకటి తీసివేసి, ఒక స్థానము జరిపి, 3తో ఆర్ చేసి, మరల ఒకటి చేర్చవలెను. పిమ్మట స, భ, ర, న, మ, య, వ గణములకు వేరుగా ఉద్దిష్టము కట్టి సరిచూచుకొనవలెను. రెండు త్రోవలలోను 2,98,676 రానిచో, ఎక్కడనో ఒక్క బిట్టు తప్పినదన్నమాట. దానిని వెదకి పట్టుకొనుటయే ఈ పాఠములో మిగిలిన భాగము.